పొడుగు జుట్టు: కుంకుడా షాంపూనా, జడా కొప్పా, గుండా మూడు కత్తెర్లా?

శుక్రవారం రాత్రయితే మా ఇంట్లో ఒక లెక్క మొదలవుతుంది. రేపు తలకు పోసుకోవాలా, ఆదివారానికి తోసేయాలా? ట్యాంకులో నీళ్లున్నాయా? పోసుకుంటే ఆరడానికి మూడు గంటలు, నేను ఇల్లు దాటాల్సింది ఎనిమిదిన్నరకు. తిరుపతిలో ఉంటూ శనివారం తలకు పోసుకోకపోతే మా అత్త ఏమీ అనదు గానీ మొహం ఒకలా పెడుతుంది. స్వామికి ప్రత్యేకమైన తమిళ నెల పెరటాసిలో శనివారమైతే ఇక చెప్పనే అక్కర్లేదు. నడుము దాటిన జుట్టున్న ఎవరికైనా ఈ లెక్క తెలుసు. భుజాల దాకా ఉన్నవాళ్లు మాత్రం "నీకేమమ్మా, ఎంత జుట్టో" అనేసి వెళ్లిపోతారు.

సలహాలకు కొదవ లేదు. కుంకుడుకాయ తప్ప ఇంకేదీ వద్దనేవాళ్లు ఒకవైపు, అది పాతకాలం, మంచి షాంపూ కొనుక్కో అనేవాళ్లు ఇంకోవైపు. ఇరవై ఏళ్లుగా రెండు పక్షాల మాటా విని, చాలావరకు చేసి చూశాను. తేలిందేమిటంటే ఏది మంచిది అని అడగడమే తప్పు. మాడుకు ఏది, కొసకు ఏది అని విడదీసి అడగాలి.

వెంట్రుక నెలకు సుమారు అర అంగుళం పెరుగుతుంది. ఆ లెక్కన జడ 36 అంగుళాలుంటే మాడును ఆనుకుని ఉన్న భాగం పోయిన వారం వచ్చింది, కొస ఆరేళ్ల కిందటిది. ఆరేళ్ల ఎండ, ఆరేళ్ల బోరు నీళ్లు, ఆరేళ్ల దువ్వెన దెబ్బలు దాని మీద ఉన్నాయి. మాడు బయటికి వచ్చిన వెంట్రుకలో జీవం ఉండదు కాబట్టి ఒకసారి చిట్లితే మళ్లీ అతుక్కోదు, ఏ సీసా మీద ఏం రాసున్నా సరే. మా అవ్వకు ఈ లెక్కలేవీ రావు. నన్ను గడప మీద కూర్చోబెట్టుకుని చిక్కు తీస్తూ, "కొస ముసలిదే అమ్మీ, లాగొద్దు, మెల్లంగ దువ్వు" అనేది. మాడుకు చెమట, జిడ్డు పోవాలి. కొసకు ఉన్న తేమ పోకూడదు. ఈ రెండింటికీ పొత్తు కుదరదు, అందుకే ఇంత గొడవ.

తలకు దేనితో పోసుకోవాలి?

అవ్వ పెరట్లో బండ మీద కుంకుళ్లు కొట్టేది. దెబ్బకు గింజ ఎగిరి ఎక్కడో పడేది, నల్లగా నున్నగా గోలీలా ఉంటుంది, పిల్లలం ఏరుకునేవాళ్లం. తొక్కల్ని వేణ్నీళ్లలో నానేసి పిసికితే తెల్లటి నురగ గిన్నె అంచు దాటేది. ఆ రసం కంట్లో పడిందా, వీధి చివరి దాకా వినపడేంత ఏడుపు. నోట్లో ఇంత ఉప్పుకల్లు వేసి ఊరుకోబెట్టేది. ఉప్పుకూ కంటిమంటకూ ఏం సంబంధమో నాకు ఇప్పటికీ అర్థం కాలేదు, చప్పరించే పనిలో పడి ఏడుపు మాత్రం ఆగేది.

కుంకుడులో ఉన్న సపోనిన్ జిడ్డును బాగా లాగేస్తుంది. అదే దాని గొప్ప, అదే దాని ఇబ్బంది. ముందు రోజు రాత్రి నూనె దట్టంగా పట్టించిన తలకు దాన్ని మించింది లేదు. నూనె పెట్టకుండా ఉత్త తల మీద పోస్తే కొసలు కొబ్బరి పీచులా తయారవుతాయి. పిరుదుల దాకా ఉన్న జుట్టుకు నాకు పన్నెండు, పదిహేను కాయలు కావాలి. రసాన్ని పల్చటి గుడ్డలో రెండుసార్లు వడగట్టాలి. ఒక్కసారి వడగడితే తొక్క ముక్కలు జుట్టులో చిక్కుకుని, మధ్యాహ్నం ఆఫీసులో ఒక్కొక్కటే బయటపడతాయి. పొట్టి జుట్టువాళ్లకు ఈ బాధ ఉండదు.

సీకాయ దీనికన్నా మెత్తన. నురగ తక్కువ, జిడ్డు మరీ ఊడ్చిపెట్టేయదు, అందుకే ఎండిపోయే జుట్టుకు నేను దీన్నే చెబుతాను. ఇంట్లో చేయించుకునేవాళ్లు సీకాయతో పాటు పెసలు, మెంతులు, ఎండబెట్టిన మందారాకు, నారింజ తొక్క కలిపి మిల్లుకు పట్టుకెళ్తారు. పట్టేటప్పుడు మిల్లులో అందరికీ తుమ్ములే, మరుసటి పిండివాళ్లు మన వంక గుర్రుగా చూస్తారు. పొడుగు జుట్టుతో సీకాయకు వచ్చే చిక్కల్లా ఆ పొడే. ముద్దగా కలిపి పైనుంచి కిందిదాకా రుద్దితే, మూడు బకెట్లు పోసినా నలకలు మిగులుతాయి, ఆ రుద్దుడికే కొసలు సగం అరుగుతాయి. పొడిని వేణ్నీళ్లలో అరగంట నానేసి, వడగట్టి, ఆ నీళ్లు మాత్రం మాడు మీద పోసుకోండి. కిందికి జారే నీళ్లతోనే కొసలు శుభ్రపడతాయి, వాటిని విడిగా రుద్దే పని లేదు.

షాంపూ విషయంలోనూ ఇదే మాట. రోజూ హెల్మెట్ పెట్టుకుని తిరిగేవాళ్లు వారానికి రెండుసార్లయినా తలకు పోసుకోకపోతే దురద. పనిరోజు పొద్దున కుంకుళ్లు నానేసే తీరిక ఎవరికుంది? షాంపూ వాడండి, తప్పేం లేదు. నేరుగా జుట్టంతా పులమకుండా మగ్గులో నీళ్లతో కలిపి మాడుకే పట్టించాలి. తర్వాత మెడ దగ్గర్నుంచి కిందికి కండీషనర్, మాడుకు తగలకుండా. కండీషనర్ వద్దనుకుంటే మందారాకు నలిపి తీసిన జిగురు అదే పని చేస్తుంది, వేళ్లు సులువుగా జారతాయి. మెంతి ముద్ద కూడా మంచిదే, కానీ అది కడిగే ఓపిక నాకైతే లేదు.

నా పద్ధతి చెబుతాను: వారం మధ్యలో షాంపూ, శనివారం సీకాయ నీళ్లు, దీపావళికి, పండగలకు నూనె పట్టించి కుంకుడు. చుండ్రు ఉన్నవాళ్లకు మాత్రం ఈ మూడింట్లో ఏదీ మందు కాదు. చుండ్రు వెనకున్న శిలీంధ్రానికి నూనె మేత. "పొడిబారింది, నూనె పెట్టు" అనే సలహా దానికి అచ్చంగా ఎదురు పనిచేస్తుంది. కీటోకొనజోల్ అనే శిలీంధ్రాన్ని చంపే మందు ఉన్న షాంపూ మందుల షాపులో దొరుకుతుంది, దాన్ని మాడు మీద ఐదు నిమిషాలు ఉంచి కడగాలి, తగ్గకపోతే చర్మం డాక్టరుకు చూపించాలి. ఒంటి సబ్బుతో తల రుద్దుకోవడం ఎలాగూ వద్దు, ముఖ్యంగా మన నీళ్లతో.

నీళ్ల సంగతి విడిగా చెప్పాలి. కల్యాణి డ్యాం నీళ్లో తెలుగుగంగ నీళ్లో కొళాయిలో వచ్చే ఇళ్లకు ఈ బాధ తక్కువ. బోరు మీద బతికే ఇళ్లలో బకెట్ లోపల తెల్లగా పొరలు కడతాయి చూడండి, ఆ సున్నమే జుట్టు మీదా చేరుతుంది. సబ్బు ఆ సున్నంతో కలిస్తే జిగటగా తెట్టు కడుతుంది, దువ్వెన దిగదు. కుంకుడుకూ షాంపూకూ ఆ తెట్టు రాదు. మా ఇంట్లో బోరే. అందుకని చివరి రెండు మగ్గులు మాత్రం తాగే క్యాన్ నీళ్లు పోసుకుంటాను. మొదట్లో మా ఆయన నవ్వాడు. చిక్కు తీసే టైం సగానికి తగ్గేసరికి ఇప్పుడు ఆ రెండు మగ్గులు ఆయనే పక్కకు తీసి పెడుతున్నాడు.

నూనెల్లో ఏది?

ఇక్కడ నాకు పెద్ద సందేహం లేదు, టెంకాయ నూనె. అందులోని లారిక్ ఆమ్లం అణువు చిన్నది కావడంతో వెంట్రుక లోపలికి ఇంకుతుంది, తలకు పోసుకునేటప్పుడు జుట్టులోని ప్రొటీన్ కొట్టుకుపోకుండా కాపాడుతుంది. సువాసన నూనెల్లో చాలావాటికి ఆధారం పెట్రోలియం నుంచి తీసే మినరల్ ఆయిల్, అది పైపైనే ఉంటుంది, మెరుపు తప్ప లోపలికి ఏం చేరదు. సీసా వెనక చిన్న అక్షరాలు చదవండి. నువ్వుల నూనె పండగ తలంటుకు బాగుంటుంది, వేసవిలో నాకు బరువనిపిస్తుంది.

ఆముదం జుట్టును పెంచుతుందన్న మాటకు గట్టి రుజువు లేదు. పైగా అది చిక్కటి నూనె. పొడుగు జుట్టుకు ఆముదం దట్టించి తలకు పోసుకుంటే జుట్టంతా ఒక్కసారిగా పక్షిగూడులా ఉండకట్టి, కత్తిరించడం తప్ప దారి లేకపోయిన కేసు వైద్య పత్రికల్లో కూడా వచ్చింది. కనుబొమలకు రాసుకుంటారా, మీ ఇష్టం. నడుము దాకా ఉన్న జుట్టుకు వద్దు.

నూనె రోజూ పెట్టడమా, తలకు పోసుకునే ముందు పెట్టడమా అంటే రెండోదే. తిరుపతి దుమ్ములో నూనె తలతో తిరిగితే సాయంత్రానికి దువ్వెనకు మట్టి వస్తుంది. రోజూ కావాలంటే అరచేతిలో నాలుగు చుక్కలు, కొసలకు మాత్రం.

ఆరబెట్టడం

తడి వెంట్రుక సాగుతుంది, సాగి తెగుతుంది. అందుకే తలకు పోసుకున్న గంటలోనే ఎక్కువ జుట్టు పోగొట్టుకుంటాం. టర్కీ టవల్‌తో గట్టిగా చుట్టి కొప్పు పెట్టడం, ముందుకు వంగి తువ్వాలుతో తపతపా కొట్టడం, రెండూ మానేయాలి. ఆ కొట్టే చప్పుడు నాకు చిన్నప్పటి శనివారాల్ని గుర్తుచేస్తుంది గానీ, నేల మీద రాలిన ముక్కలు చూస్తే అది ఎంత నష్టమో తెలుస్తుంది. పాత నూలు పంచె ఒకటి పక్కన పెట్టుకుని అద్దితే చాలు. వేళ్లతో పాయలు విడదీసి, ఆరాక పళ్లు వెడల్పుగా ఉన్న దువ్వెనతో కింద నుంచి పైకి చిక్కు తీసుకుంటూ రావాలి. చాలామంది పైనుంచి మొదలుపెడతారు, చిక్కులన్నీ కిందికి జారి ఒకే ముడి అవుతాయి.

మిద్దె మీద ఎండా, ఫ్యానా, డ్రయ్యరా? మన ఎండ పొద్దున తొమ్మిదిలోపైతే ఫరవాలేదు. మే నెల పదకొండు గంటల ఎండలో జుట్టు విరబోసుకుని నిలబడితే త్వరగా ఆరుతుంది, త్వరగానే గడ్డీ అవుతుంది. ఫ్యాన్ మంచిది, మెల్లన. డ్రయ్యర్ అంటే భయపడక్కర్లేదు, తక్కువ వేడిలో, జానెడు దూరంలో, ఒకేచోట ఆపకుండా కదిలిస్తూ మాడు వరకు ఆరబెట్టుకుని, మిగతాది గాలికి వదిలేస్తే సరిపోతుంది. సాంబ్రాణి పొగ వాసనకే గాని ఆరబెట్టడానికి కాదు. ఇంట్లో ఆయాసం ఉన్నవాళ్లుంటే అదీ వద్దు.

ఒకటి మాత్రం గట్టిగా చెబుతాను, తడి తలకు జడ వేసి హెల్మెట్ పెట్టుకోవద్దు. సాయంత్రానికి వచ్చే ముక్కిన వాసన ఏ సెంటుకూ లొంగదు. టైం లేకపోతే ఆ రోజు తలకు పోసుకోవడమే మానండి.

జడ, కొప్పు, క్లిప్పు

ఇంట్లో ఉంటే కొప్పు హాయి, మెడకు గాలి తగులుతుంది. స్కూటర్ మీద కొప్పు కుదరదు, హెల్మెట్ పైకి లేచి నిలబడుతుంది. అలా ఎత్తుగా కూర్చున్న హెల్మెట్ పడినప్పుడు తలను కాపాడదు. మెడ దగ్గర వదులుగా మొదలయ్యే ఒంటి జడే దారి. ఆ జడను చున్నీ కిందికో చొక్కా లోపలికో తోసేయాలి. వెనక సీట్లో కూర్చున్నప్పుడు వేలాడే జడ, చున్నీ రెండూ చక్రానికి ఒకటే. గట్టి ప్లాస్టిక్ క్లచర్ హెల్మెట్ కింద వద్దు, బస్సు సీటుకు తల ఆనించి నిద్రపోయేటప్పుడూ వద్దు.

మిషన్ల దగ్గర పనిచేసేవాళ్లకు ఎంపికే లేదు. పిండి మిల్లయినా, చెరుకు రసం బండయినా, మోటార్ కుట్టు మిషనయినా, జడను మడిచి కట్టి పైన గుడ్డ చుట్టుకోవాల్సిందే.

కొండ ఎక్కేటప్పుడు నా అనుభవం ఇది. అలిపిరి దారిలో 3,550 మెట్లు. జడ వదిలేసి ఎక్కితే గాలిగోపురం చేరేసరికి వీపు మొత్తం చెమటతో అతుక్కుపోతుంది. కొప్పు పెడితే ఆ బరువుకు మాడు లాగుతుంది. బడి పిల్లల్లా రెండు జడలు వేసి మడిచి కట్టాను, నవ్విన వాళ్లు నవ్వారు, బరువు రెండు పక్కలా సర్దుకుంది. క్యూలో కూడా అదే మేలు, వెనకవాళ్ల బ్యాగు జిప్పులో జడ ఇరుక్కునే బాధ ఉండదు. పూలు మాత్రం కిందే తీసేయండి. తిరుమలలో పూలన్నీ స్వామివే, అక్కడ ఎవరూ తలలో పెట్టుకోరు.

ఏ జడైనా బిగించి వేయొద్దు. నుదుటి పక్కన, పాపిట దగ్గర జుట్టు పలచబడుతోందంటే చాలాసార్లు కారణం బిగువే. ఏళ్ల తరబడి లాగితే అక్కడ మళ్లీ రాదు. రాత్రి పడుకునేటప్పుడు వదులు జడ వేసి దిండు పైకి వేసుకోండి. పాత పట్టు చీర ముక్కతో గలేబు కుట్టించుకుంటే రాపిడి తగ్గుతుంది.

మే నెలలో మన గంగమ్మ జాతరకు మగవాళ్లు ఆడవేషాలు కడతారు కదా. పోయినసారి మా వీధి కుర్రాడొకడు సవరం పెట్టి, పొడుగాటి జడ వేయించుకుని, సాయంత్రం మా ఇంటికొచ్చి మెడ పట్టుకుని కూర్చున్నాడు. "రోజూ ఎట్లా మోస్తాండావక్కా?" అన్నాడు. ఒక్క పెళ్లికో ఫొటోలకో జడ కావాలనుకునే వాళ్లకు నేను చెప్పేదీ అదే, సవరం కొనుక్కోండి, తర్వాత తీసి పెట్టెలో పెట్టుకోండి.

కత్తిరించాలా, నున్నగా చేయించాలా

కత్తిరిస్తే పెరుగుతుందనేది అబద్ధం, పెరిగేది మాడులో. కానీ చిట్లిన కొసను వదిలేస్తే చీలిక పైకి పాకుతుంది. నాలుగు నెలలకు రెండంగుళాలు పెరిగితే అరంగుళం తీయించండి, పొడుగూ పెరుగుతుంది, కొసా మందంగా ఉంటుంది. ఒకసారి నేను ఒక పార్లర్లో "అరంగుళం" అని వేలితో చూపించి ఫోన్ మాట్లాడుతూ కూర్చున్నాను. లేచేసరికి నాలుగంగుళాలు కింద పడి ఉంది. ఎనిమిది నెలల పెంపకం! అప్పట్నుంచి ఆరిన జుట్టుకు జడ వేసుకుని, ఎక్కడిదాకా తీయాలో అక్కడ రబ్బరు బ్యాండు వేసుకుని వెళ్తాను. బ్యాండు కిందే కత్తెర.

స్మూతనింగ్, కెరటిన్ అని చెప్పేవి పొడుగు జుట్టుకు నేను చెప్పను. స్మూతనింగ్ అయితే ఆరు నెలలకు మొదలు వంకర, కొస నిటారు, రెండూ కలిసే చోట తెగుతుంది. పైగా వాటిలో కొన్ని వేడి తగిలితే ఫార్మాల్డిహైడ్ అనే ఘాటైన వాయువు వదులుతాయి, కళ్లు మండేది అందుకే. చేయించుకుని తీరాలంటే సీసా మీద ఏముందో చదివాకే కూర్చోండి.

రాలడం గురించి రెండు మాటలు. రోజుకు 50 నుంచి 100 వెంట్రుకలు పోవడం మామూలే. మన జుట్టు పొడుగు కాబట్టి దువ్వెనలో చుట్ట పెద్దగా కనిపించి గుండె ఝల్లుమంటుంది. కాన్పో గట్టి జ్వరమో వచ్చిన రెండు మూడు నెలలకు కుప్పలుగా రాలితే అది చాలావరకు దానంతటదే తగ్గుతుంది. ఆరు నెలలైనా ఆగకపోతే నూనె మార్చడం మాని రక్తం, ఐరన్, థైరాయిడ్ పరీక్షలు చేయించుకోండి.

గుండా, మూడు కత్తెర్లా?

ఈ ఊళ్లో ఈ ప్రశ్న రాకుండా పొడుగు జుట్టు గురించి మాట్లాడలేం. స్వామి తలకు దెబ్బ తగిలి జుట్టు పోయిన చోట గంధర్వ రాకుమారి నీలాదేవి తన కురులు తీసి పెట్టిందని, అందుకే ఏడు కొండల్లో ఒకటి ఆమె పేరున నీలాద్రి అయిందని కథ. కల్యాణకట్టలో తలనీలాలు ఇవ్వడానికి పైసా కట్టక్కర్లేదు. వచ్చిన జుట్టును టీటీడీ పొడుగును బట్టి వేరుచేసి ఈ-వేలంలో అమ్ముతుంది, పొడుగున్న రకానికే ఎక్కువ ధర. అంటే మీ ఆరేళ్ల జడ ఎవరో ఒకరి తల మీదికి విగ్గుగా చేరవచ్చు. నాకది బాధగా అనిపించదు.

ఆడవాళ్లకు రెండు దారులు. పూర్తి గుండు, లేదా కొస నుంచి మూడు కత్తెర్లు, అంటే మూడుసార్లు కత్తెర వేసి కొంచెం జుట్టు ఇవ్వడం. మొక్కుకున్నది మీరే అయితే, ఆ మొక్కు గుండనే అయితే, ఎవరి మాటా వినకండి, చేయించుకోండి. మీ తల మీద ఇంకెవరో మొక్కుకుని ఉంటే, అమ్మో అత్తో, వాళ్లతో కూర్చుని మాట్లాడండి. మూడు కత్తెర్లతో మొక్కు తీర్చుకునే ఇళ్లు మా చుట్టుపక్కల చాలానే ఉన్నాయి. గుండు చేయిస్తే ఒత్తుగా వస్తుందన్న ఆశతో మాత్రం చేయించొద్దు. మాడులో ఎన్ని కుదుళ్లున్నాయో అన్నే వెంట్రుకలు వస్తాయి, మొద్దుగా తెగిన కొసల వల్ల మొదట్లో అలా అనిపిస్తుంది, అంతే.

గుండు అని తేల్చుకుంటే ముందే లెక్క వేసుకోండి. మొదటి నెల టోపీ, గంధం, ఎండలో తలకు గుడ్డ. ఆరు నెలలకు మూడంగుళాలు, ఎటూ వంగదు, సైడు పిన్నులు డబ్బాలకు డబ్బాలు కావాలి. ఏడాదికి ఆరంగుళాలు. చిన్న పిలక కట్టడానికి ఒకటిన్నర ఏడాది, నడుము దాకా రావాలంటే మళ్లీ ఐదారేళ్లు. ఇంట్లో పెళ్లి ఏదైనా ఉంటే అది అయ్యాక పెట్టుకోండి, లేదంటే పెళ్లిఫొటోలన్నీ పిన్నులతోనే.